శివారు

ముప్పై ఒక్క ఏళ్ళు లస్కరుగా చేశాను,
లొల్ల లాకుల కింద, అమలాపురం కాలువ మీద.
తలుపులు ఎత్తడం, దించడం,
గుర్రపు డెక్క లాగి గట్టున పడెయ్యడం,
రాత్రుళ్ళు టార్చిలైటుతో గట్టు తిరగడం.
నీళ్ళు ఎక్కడ ఆగిపోయాయో
వాసన బట్టి చెప్పేవాణ్ణి.

నా కాలి దగ్గర ఆగిపోయిన సంగతే
నాకు తెలియలేదు.

మొన్న ఇంటికొచ్చాక మనవరాలు అడిగింది:
"తాతా, రెండో చెప్పేదీ?"
ఒక కాలికే ఉంది.
రెండోది కిలోమీటరు పొడుగునా
కంకర మీద ఒట్టిదే నడిచొచ్చింది
నాతో ఒక్క ముక్కా చెప్పకుండా.

గ్లోరీ సిస్టరు నైలాను దారం తెచ్చింది,
వల దారమంత సన్నం.
"తెలుస్తోందా బాబాయ్?"
"ఎప్పుడు పెడతావమ్మా?"
"పెట్టి తీసేశాను కూడా."
కాయితం మీద పాదం బొమ్మ గీసి
తెలియని చోటల్లా సున్నా చుట్టింది.
దాళ్వా ఆఖర్లో మా ఇంజినీరు గారు
నీరందని చేలకి పటం మీద చుట్టినట్టు.

ఏం తింటావని అడిగింది.
మూడు పూటలా తెల్లన్నం.
పాలిష్ పట్టి, తవుడంతా గేదెకి పెట్టిన బియ్యం.
(మా గేదెకి షుగరు లేదు.)
సాయంత్రం ఏసుపాదం బండి దగ్గర
నాలుగు మిరపకాయ బజ్జీలు.
ఆదివారం పోసిన నూనె గురువారానికి
కట్టేసిన కాలువలో బురద రంగుకొస్తుంది,
అదే రుచని అడిగి మరీ తింటాం.
టీలో మూడు చెంచాలు.
పంచదార చెడ్డది గానీ బెల్లం మంచిదేనని
ఎవడో అన్న మాట పట్టుకుని
జేబులో బెల్లం ముక్క.

"లోపల సన్నగా మండుతుంటుంది బాబాయ్,
ఏళ్ళ తరబడి, పొగ రాదు," అంది.
మంట కాదమ్మా, ఊట, అన్నాను.

గండి ఒక్క రాత్రిలో పడదు.
ముందు ఓ ఎండ్రకాయ బొరియ, రూపాయి బిళ్ళంత.
అందులోంచి చెమట లాంటి తడి.
పైన గడ్డి పచ్చగానే ఉంటుంది,
ఇంకాస్త పచ్చగా ఉంటుంది కూడా.
కింద మట్టి మెత్తబడుతుంది.
మా సెక్షన్లో పల్లయ్య అలాగే తెగాడు.
ముందు చూపు మసకేసింది.
తర్వాత కిడ్నీలు, కాకినాడలో
వారానికి మూడు రోజులు మిషను మీద.
చివర్లో బొటనవేలు తీసేశారు.
లాకు చక్రం జారకుండా
ఆ వేలితోనే తొక్కిపట్టేవాడు.

ఇప్పుడు పడుకునే ముందు
గడ్డం గీసుకునే అద్దం పాదం కింద పెట్టి
నా గట్టు నేను తిరుగుతాను.
వేళ్ళ సందులు, మడమ, పగుళ్ళు.
అన్నం సగం చేశాను. ముడిబియ్యం నమల్లేక
సత్యవేణి మీద అరుస్తాను,
తను తోటకూర ఇంకో గరిటె వేసి వెళ్ళిపోతుంది.
మంగళవారం ఒక్క బజ్జీ తిన్నాను.
అబద్ధం. రెండు.

నాలిక పై రైతు.
లాకు పక్కనే పొలం, వంతంటే ఒప్పుకోడు,
అర్ధరాత్రి వచ్చి తూము తెరుచుకుంటాడు.
పాదం శివారు రైతు.
ఉద్యోగంలో ఎంతమంది శివారోళ్ళు
తలకి తువ్వాలు చుట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారో,
"రేపు చూద్దాంలే" అని
ఎంతమందిని పంపేశానో లెక్క లేదు.

నిన్న అద్దంలో మడమ పక్కన
ఎర్రటి చుక్క కనబడింది.
టార్చి వేసి చాలాసేపు చూశాను,
ముల్లో, బొరియో.
నొక్కాను.
ఏమీ అనలేదు.
వాళ్ళైనా వచ్చి అడిగేవాళ్ళు.
ఈ రైతు
తలుపు కూడా తట్టడు.