ముందు సీటు

పొద్దుగాల ఆరింటికి ఫర్హాబాద్ గేటు కాడ
జీపుల ముందు సీటు నాది.
ఎనక ఆరుగురు. కొత్త టోపీలు, మెడలల్ల దుర్భిణులు,
ఒక పిల్లగాని చేతిల చిప్స్ పొట్లం.
"ఇటియ్యి తమ్మీ, దిగేటప్పుడు ఇస్త."
రోజూ గదే నా మొదటి మాట.
రెండో మాట వాళ్లది:
"పులి కనిపిస్తదా?"

కనిపిస్తదని నేనెన్నడూ చెప్పలే.
పులికి మనం కనిపిస్తమని చెప్త.
నవ్వుతరు. జరసేపైనంక నవ్వరు.

నల్లమద్ది కింద ఇంజన్ బంద్ పెట్టిస్త.
మొసలి తోలసొంటి బెరడు మీద
ఎలుగు గోళ్లు గీకిన గీతలు, ఇంకా పచ్చిగనే ఉన్నయి.
"తేనెకు ఎక్కింది, దొరకలే,
కోపంగ దిగింది."
కోపమని ఎట్ల తెలుసని అడుగుతది కండ్లద్దాలామె.
మా నాయిన ఉత్త చేతులతోటి చెట్టు దిగుడు
నేను చూడలేదా.

నెలకు రెండుసార్లు నాజ్నీన్ మేడం ఒస్తది
పట్నం నుంచి, బూట్ల నిండ పల్లేరుకాయలతోటి.
చెట్లకు కట్టిన కెమెరాలు ఇప్పుతం,
మోకాలెత్తున, ఎదురుబొదురుగ రెండు.
పులికి కుడిపక్క చారలు వేరు, ఎడమపక్కవి వేరు,
రెండు రాతలూ చదివితేనే ఒక పులి.
కార్డు తీసి లాప్‌టాప్‌ల పెడితే
గాలికి ఊగిన గడ్డి, గాలికి ఊగిన గడ్డి,
ముళ్లపంది, గడ్డి,
గడ్డపార భుజాన బెట్టుకొని దుంపలకు పోయే మా అత్త,
గడ్డి.
మా అత్త బొమ్మకు మేడం "మనిషి" అని లెక్కల రాసింది.
"పేరు రాయవా?" అన్న.
ఆ డబ్బాల పేరుకు జాగ లేదట.

పులి పెంటికలు ఏరి కాయితం కవర్లల్ల పెడ్త,
తేదీ, టైము, ఏ వాగు పక్క, అన్నీ నా చేతిరాతే.
అది ఏం తిన్నదో ల్యాబోళ్లు మూడు నెలలకు చెప్పిండ్రు.
నేను అదే దినం చెప్పిన, వెంట్రుక జూసి, కణితి అని.
రెండూ ఒకటే అయినయి.
మేడం నన్ను కావలిచ్చుకుంది,
చేతి తొడుగులు ఇప్పుడు మర్చిపోయి.

నిరుడు ఆమె రాసింది అచ్చయింది, ఇంగ్లీషుల.
ఆఖరుకు, సన్న అచ్చరాలల్ల నా పేరు.
మా పోరి కూడబలుక్కొని చదివింది:
"అమ్మా, నువ్వు ఈదమ్మ కాదు,
ఎడమ."

మొన్న మాఘంల ఒక్కడే ఒచ్చిండు,
జీపు మొత్తం తనదే, తుపాకంత లెన్సు.
నోట్లు మడిచి నా దిక్కు జాపిండు.
"ఏడుందో నీకెరుక. పోనియ్యి."
ఎరుకనే.
దుమ్ముల పెద్ద పాదం, దాని ఎంబడి రెండు చిన్నయి,
అండ్ల ఒకటి ఆటకు తోవ తప్పి మళ్ల కలిసింది.
సాసరు గుంతల నీళ్లు తాగి
ఎడమకు మళ్లినయి.
డ్రైవర్ నర్సిమ్మ నా మొఖం దిక్కు జూసిండు.
"కుడికి" అన్న.

ఆయనకు నేను జూపిచ్చిన పేడపురుగు,
తనకంటె పెద్ద ఉండను ఎనుక కాళ్లతోటి దొబ్బుకుంట;
ఒక బెట్టుడుత; కొండగొర్రె పరుగు, అదీ సగమే.
దిగినంక ఫోన్ల నాకు ఐదుల
ఒక్క చుక్క పెట్టిండు.

ఇయ్యాల మాపటికి పెంటకు పోతే
అందరు ఒక్కకాడ కూసున్నరు.
సార్లు మళ్ల ఒచ్చిపోయిండ్రట.
పులుల కోసం మేము బయటికి జరగాలె,
ఇల్లిస్తరు, కరెంటిస్తరు, పైసలిస్తరు.
"పులి అడిగిందా?" అన్నది మా అత్త,
బూడిదల నుంచి దుంప తీసుకుంట.
ఎవ్వరూ నవ్వలే.
మా పోరికి దగ్గర్ల బడి కావాలె, అదీ అబద్ధం కాదు.
ఊరోళ్లకు తోవ జూపెట్టే నన్ను
ఏ తోవ అని అడిగితే
నోరు పెగల్లే.

యూనిఫాం ఇప్పుతుంటె జేబుల చప్పుడు.
చిప్స్ పొట్లం. పిల్లగాడు అడగలే, నేను ఇయ్యలే.
పోరి చింపింది. మెత్తవడ్డయి.
చీకట్ల చెరో పిడికెడు తింటున్నం.
వాగు అవుతల కణితి ఒక్కసారి అరిసింది.
పోరి నమిలుడు ఆపింది.
రెండోసారి కోసం ఇన్నం.