రెండో గొట్టం

అక్టోబరొచ్చిందంటే నా నిచ్చెనకు నిద్రుండదు.
లాట్గలే పల్లెల్లో ఏ గుమ్మం ముందు ఆగినా
అప్పుడే తవ్విన బంగాళాదుంపల మట్టివాసన,
ఎక్కడో గొడ్డలికి సానపడుతున్న చప్పుడు.

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు.
నాకంత ఓపిక లేదు,
పొగగొట్టంలో తల దూరుస్తాను.
పచ్చికట్టె కాల్చేవాళ్ళ మసి తారులా పట్టుకుంటుంది.
బాగా ఆరిన బర్చ్ కట్టెదైతే వేలు తగిలితే చాలు, రాలిపోతుంది.
ఉత్తరాలు కాల్చిన ఇళ్ళలో
బూడిద రేకులు రేకులుగా ఎగురుతుంది.
ఎవరివని నేనడగను.
మసిపూసి మారేడుకాయ చేసేవాళ్ళు వేరే ఉన్నారు.
నాది దులిపే పని.

వెనెరాండా ఇంటికి రెండు పొయ్యిలు, రెండు గొట్టాలు.
వంటింటిది ఒకటి, సరస్సు వైపు గదిది ఒకటి.
ఆ రెండోదాంట్లోంచి పదేళ్ళుగా నేను తీసింది
సాలెగూళ్ళు, ఒకసారి ఓ కాకి ఈక.
అయినా రెండింటికీ లెక్కగట్టి డబ్బిచ్చేది.
"దాన్నీ పలకరించు యెజుప్, పొయ్యి అలిగితే మళ్ళీ రాజదు."

ఈసారి వెళ్ళేసరికి కిటికీల పనిలో ఉంది.
లోపలి అద్దానికీ బయటి అద్దానికీ మధ్య
ఎండిన నాచు పరిచి, దాని మీద
ఎర్రటి రోవాన్ పళ్ళు గుత్తులుగా పెట్టింది.
చలి వాటిని చూసి ఆగిపోతుందట.
సందులకు పిండిజిగురు, పాత పేపరు పట్టీలు.
ఏటా పట్టీ ఒక కొస పళ్ళతో పట్టుకుని
మూతికి జిగురంటించుకుని మాట్లాడే మనిషి,
ఇవాళ మూతి శుభ్రంగా ఉంది.
పట్టీలన్నీ ఒకే వెడల్పున చింపి, వరసగా
కుర్చీ వీపు మీద ఆరేసి ఉన్నాయి.
అంత ఓర్పు ఆమెది కాదు.

పైకెక్కాను.
తాడు చివర ఇనపగుండు రెండో గొట్టంలోకి వదిలాను.
గుండుతో పాటు బొళబొళా దిగింది మసి.
నల్లగా, తేలిగ్గా, కాస్త తియ్యటి వాసనతో.
ఆల్డర్ కట్టె!
ఈ ఊళ్ళో ఆల్డర్ కాల్చేది ఒక్కడే.
పక్కింటి దొనాత్స్. వాడి బురదనేలలో మొలిచేది అదొక్కటే.
కంచె జానెడు ఇటు జరిగిందని
పదకొండేళ్ళుగా ఈ ఇద్దరికీ మాటల్లేవు.
పాల డబ్బా కూడా రోడ్డు చుట్టూ తిరిగి తెచ్చుకునేవారు.

కప్పు మీద నుంచి చూస్తే దొనాత్స్ ఇల్లు కనిపిస్తుంది.
గొట్టం మీద రేకు మూత, మూత మీద రాయి.
కుళాయి విప్పి పైపులో నీళ్ళు వంపేశాడు.
తేనెపెట్టెలు మాత్రం లేవు.
కిందకి చూశాను.
వెనెరాండా కొట్టం ఎండవైపు గోడకి ఆనించి,
గడ్డి దుప్పట్లు కప్పుకుని, నాలుగూ ఉన్నాయి.

రెండిళ్ళు కాచుకునే కట్టెలు ఎవరి దగ్గరున్నాయి ఈ రోజుల్లో?
అని ఆమె అనలేదు. నేనూ అనుకోలేదు.
పెరట్లో కట్టెల మోపు మాత్రం
మోకాలెత్తున పేర్చి ఉంది.
దగ్గరకెళ్తే, అది కంచె.
ఆకుపచ్చ రంగు పలకలు, మేకులు పీకినవి,
ఒకే పొడవున కోసినవి.
ఈ కోత దొనాత్స్‌దే.

ఇరవై ఏళ్ళకు మొదటిసారి
ఆ ఇంట్లో సలహా చెప్పాను.
"రంగు వేసిన చెక్క కాల్చకండి.
గొట్టానికి పడదు. బంకలా గడ్డకడుతుంది."
లోపల గదిలోంచి దగ్గు వినిపించింది.
మగదగ్గు. పొగాకు దగ్గు.
"విన్నావా?" అంది వెనెరాండా, గోడతో అన్నట్టు.
"నేనప్పుడే చెప్పలా?" అంది గోడ.

వెళ్ళేటప్పుడు అదృష్టానికని
నా కోటు గుండీ రుద్దింది.
చేతినిండా పిండిజిగురు.
ఈ ఏడు నాకు ఒక గొట్టం కూలి తగ్గింది.
పై ఊళ్ళో పిల్లలు గుండీ పట్టుకుని
ఛీ, అంటుకుంటోంది అంటున్నారు.
అంటుకోనీ.