గేటు పడినప్పుడు

కావలి బ్యాండు మేళంలో
జకరయ్యది ముప్పై రెండేళ్ల శాక్సఫోను.
పెళ్లికైనా శవానికైనా అడిగిన పాటే.

ఒకసారి బిట్రగుంటలో ఊరేగింపుకి గేటు పడింది.
గూడ్సు పోతా ఉంది, యాభై ఎనిమిది పెట్టెలు.
ఈయన పాట వదిలేసి చక్రాల వెంట పడ్డాడు,
గీరుకుంటా, తడబడతా,
ఆఖరి పెట్టె దాకా.
"ఏందబ్బా, రీడు పగిలిందా?"
పెళ్లికొడుకు మేనమామ కసిరాడు.
కూలీలో వంద కోత.

అప్పట్నించీ ఆదివారం ప్రార్థన అయ్యాక
తుమ్మలపెంట రేవులో ఒక్కడే.
ఊపిరి, ఉప్పుకి బిగుసుకున్న మీటలు,
అల విరిగే ముందో తర్వాతో ఒక కేక.
వల కుట్టే పోలమ్మ అడిగింది:
"ఎవురికి పెళ్లి, పెద్దాయనా?"
రీడు నాలికతో తడుపుకున్నాడు.
"ఎవురికీ కాదు."

మర్నాడు మళ్లీ అడిగిన పాటే.
కాకపోతే చరణం చివర
ఇంత ఖాళీ వదుల్తాడు.
డ్రమ్ము పుల్ల గాల్లో ఆపి
నేను ఆడే నిలబడతా,
ఏ గూడ్సు వస్తందో అని.