నీలం బకెట్టు

బ్లఫ్ ఊరి చివర, గాలికి ఒరిగిన చర్చి వెనక హాల్లో మా బడి.
పదకొండుమంది పిల్లలు, నేను, మెరేయానా.
పేరు ఆలివ్ కొమ్మ. పెయింటు ఊడిపోయి
బోర్డు మీద ఇప్పుడు మిగిలింది కొమ్మే.

ఆ సోమవారం నా దగ్గరొక పథకం ఉంది.
నోవహు ఓడ, జతలుజతలుగా కత్తిరించిన జంతువులు,
జిరాఫీ మెడకి జిగురు కూడా రాసేశాను.
అంతలో పైకప్పు నుంచి ఒక బొట్టు
పియానో పక్కన
టప్పున పడింది.
పదకొండు తలలూ అటు తిరిగాయి.
నోవహుతో నేనొక్కదాన్నే మిగిలిపోయాను.

పిల్లలు నడిపిస్తే మనం వెంట నడవాలని
తల్లిదండ్రుల సమావేశంలో ఎంత ధీమాగా చెబుతానో!
వెంట నడవడమంటే ముందు నోరు మూసుకోవడమని
ఎవరికీ చెప్పను.

బకెట్టు తెచ్చింది ఇన్నిస్.
లెక్క పెట్టింది తెవీటా, చప్పట్లతో:
బొట్టుకీ బొట్టుకీ నడుమ పద్నాలుగు,
దక్షిణపు గాలి వీస్తే తొమ్మిది.
అలా మూడు వారాలు.
జిరాఫీ మెడ ఎండి వంకరపోయింది.

సంఘపెద్ద అబర్నెతీ గారు తొంగిచూసి
"ఇందులో వాక్యం ఏదమ్మా?" అన్నారు.
బకెట్టు చూపించాను. నవ్వలేదాయన.
వెళ్ళి నిచ్చెన తెచ్చారు.

నలభై ఏళ్ళు ఆయిస్టరు పడవల ఇంజన్లు విప్పిన చేతులు
సీలింగు చెక్క ఒకటి ఊడదీసి లోపలికి టార్చి వేశాయి.
చిల్లి బొట్టు పడే చోట లేదు.
అల్లదిగో, ఆ మూల, గంట గూడు కింద.
నీళ్ళు దూలాన్ని పట్టుకుని పన్నెండడుగులు పాకి
ఇక్కడికొచ్చి చెయ్యి వదిలేస్తున్నాయి.

"ఇక్కడే ఎందుకు?"
ఆయన చాలాసేపు ఆలోచించారు.
"తెలీదురా అబ్బాయ్. చూద్దాం పట్టు."
ఆ హాల్లో ఒక సంఘపెద్ద నోట
తెలీదన్న మాట వినడం నాకదే మొదలు.

అప్పుడడిగింది లోసా,
గోడ మీది జంతువులవైపు తిరిగి:
"ఓడ తలుపు ఎవరేశారు?"
దేవుడు, అన్నాను.
"బయటున్నవాళ్ళు తట్టారా?"

చప్పట్లు ఆగిపోయాయి.
ఇరవై రెండేళ్ళుగా ఫ్లానెల్ గుడ్డ మీద
ఇంద్రధనుస్సు అతికిస్తున్నదాన్ని.
ఆ తలుపుకి బయటివైపు ఒకటుంటుందని
ఒక్కనాడూ తోచలేదు.
ఏప్రన్ జేబులో ముక్కుగుడ్డలతో పాటు
నాలుగు జవాబులు ఎప్పుడూ ఉంటాయి.
చెయ్యి పెట్టి, ఉత్త చెయ్యే బయటికి తీశాను.
"తట్టే ఉంటారు లోసా."
"మరి దేవుడికి వినిపించిందా?"
"వినిపించే ఉంటుంది.
నాకు అర్థం కానిదీ అదే."

తలూపింది. వెళ్ళి బ్లాకులతో ఓడ కట్టింది.
తలుపుండాల్సిన చోట ఖాళీ వదిలేసింది.
"వానొస్తుందిగా!" అన్నాడు ఇన్నిస్.
"బకెట్టుందిగా" అంది లోసా.

సాయంత్రం వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి చెప్పింది:
"మొన్న రాత్రి గాలికి గడియ పెట్టేశానండీ,
వాళ్ళ నాన్న పడవ ఇంకా జలసంధి అవతలే ఉంది.
అప్పట్నుంచీ పిల్ల నిద్రపోవడం లేదు."

నేను పైకప్పుకేసి చూశాను,
పియానో మీదికి కాదు, గంట గూడు మూలకి.

బుధవారం పడవ వచ్చింది.
అర్ధరాత్రి తట్టాడట. తలుపు తీసింది లోసానేనట.

చిల్లి పూడ్చేశారు. బకెట్టు మాత్రం తియ్యనివ్వరు పిల్లలు.
గురువారాలు అబర్నెతీ గారొచ్చి
పొట్టి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంటారు,
పొడి బకెట్టు వైపు చెవి పెట్టి.

సంఘానికి పంపే నెలవారీ కాగితంలో ఒక గడి ఉంది:
పిల్లలు కంఠస్థం చేసిన వాక్యాలెన్ని?
పెన్ను మూత కొరుకుతూ కాసేపు కూర్చుని రాశాను:
పద్నాలుగు.
దక్షిణపు గాలికి తొమ్మిది.