కొసరు

శుక్రవారం రాత్రి పదకొండింటికి
పుంతా అరేనాస్ రేవులో ఆఫీసులన్నీ తాళాలు పడ్డాక
నేనొక మీట నొక్కుతాను.
రెండువందల పదమూడు కంప్యూటర్లు
నిద్రలోంచి లేచి కూర్చుంటాయి.
ఏ గదిలోనూ మనిషి లేడు.
అన్నీ సర్వర్ వైపు తిరిగి
నేనెవర్ని, అని అడుగుతాయి.

జవాబుల ఫైలు ముందే రాసిపెట్టాను.
భాష: స్పానిష్.
గడియారం: మగాయానెస్.
షరతులు: ఒప్పుకున్నాను.
పాత డిస్కు: తుడిచెయ్యి.
ప్రశ్న పుట్టకముందే బదులు చెప్పెయ్యడం.
నా మొదటి మొగుడికీ ఇదే అలవాటు.

నోల్బెర్తో కాలంలో ఇలా కాదు.
సీడీల సంచీ భుజాన తగిలించుకుని
బల్ల బల్లకీ తిరిగేవాడు.
ఒక్కో మిషన్‌కీ ముప్పావుగంట.
ఆ ముప్పావుగంటలో
ఎవరి సొరుగులో బిస్కెట్లున్నాయో,
ఎవరు మధ్యాహ్నాలు బాత్రూములో ఏడ్చొస్తారో,
ఉన్ని లెక్కల గదిలో ఏ ఇద్దరికీ మాటల్లేవో
అడక్కుండానే తెలిసిపోయేది.
నాకు తెలిసేది శాతాలే.
ముప్పై రెండు. ముప్పై మూడు.
మాతే బుర్రలో మళ్లీ వేణ్ణీళ్లు పోసుకుని
పచ్చగీతలు పాకడం చూస్తూ కూర్చుంటాను.

అచ్చు గుద్దినట్టు ఒకే ముఖం
ఒక్కో తెర మీదా తేలుతోంది.
మనవళ్ల ఫోటోలు పోయాయి,
కుక్కపిల్లలు పోయాయి,
గోడవతల పెంగ్విన్లున్నా గోవా బీచి పెట్టుకున్న
కస్టమ్స్ గుమాస్తా సముద్రమూ పోయింది.
సోమవారం తిట్లు తింటాను.
అవి నా జీతంలో భాగమే.

మూడింటికి రెండువందల పన్నెండు.
ఒక్కటి పలకదు.
పేరు తూకం-1. చోటు పీతల షెడ్డు.

ఇక్కడి గాలి మనిషిని ఎత్తి కుదేస్తుంది.
అందుకే వీధి మలుపుల్లో తాళ్లు కడతారు.
ఆ తాడు పట్టుకునే వెళ్లాను,
నోట్లో ఉప్పు, జేబులో తాళంచెవుల గుత్తి.

వైరు ఊడిపోయి ఉంది.
ఊడిపోలేదు, ఊడదీశారు.
పొందిగ్గా చుట్టచుట్టి మేకుకి తగిలించారు.
తెరకి టేపుతో అట్టముక్క:
"కడిగెయ్యకు పిల్లా. ముందు లోపల చూడు.
ఎదువిహిస్."

లోపల ఒకటే పట్టీ.
పద్దెనిమిదేళ్ల పొడుగుది.
ఎడమన పడవల పేర్లు,
గవియోతా, దోన్యా ఎల్వీరా,
రెండుసార్లు మునిగి తేలిన ఎల్ పోర్ఫియాదో.
కుడివైపు గ్రాములు.
ఈ కాటా పెట్టెకి నలభై గ్రాములు తక్కువ చూపిస్తుందట.
కంపెనీకి ఏడు ఉత్తరాలు రాసిందట.
ఎనిమిదోది మానేసి
నెలాఖరున ఆ నలభైలన్నీ పోగేసి
ఎవరి పడవవి వాళ్ల లెక్కలో
తనే కలిపేస్తోంది.

కొసరు కాదిది.
అసలే, కొసరు వేషం వేసుకుని
దొడ్డిదారిన ఇల్లు చేరుతోంది.

నేను చెక్కిన ఇమేజ్‌లో అన్నీ ఉన్నాయి,
ప్రింటర్ల డ్రైవర్లు, పదిరకాల తాళాలు,
దొంగల్ని పట్టే ప్రోగ్రాం కూడా.
నలభై గ్రాములకి చోటు లేదు.

వైరు చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకోవచ్చు. తీసుకున్నాను కూడా.
కానీ కొత్త తూకం ప్రోగ్రాంలో
దాన్ని ఎక్కించే గడేదీ?
గడి కావాలంటే పైనుంచి సంతకం కావాలి.
సంతకం కావాలంటే
ఆమె పేరు చెప్పాలి.

వైరు మళ్లీ మేకుకే తగిలించాను.
ఆమె చుట్టినంత పొందిగ్గా రాలేదు.

తెల్లారి రిపోర్టు.
పూర్తయినవి 212. కానివి 1.
కారణం రాయనివ్వదు, ఏరుకోమంటుంది:
కరెంటు లేదు.
నెట్‌వర్క్ అందలేదు.
యంత్రం పాతది.
వాడేవారు ఒప్పుకోలేదు.

నాలుగూ రెండుసార్లు చదివి
మూడోది నొక్కాను.

అబద్ధమేం కాదు.
కాటా పాతదే.