అద్దంల అడుగుతరు

నారాయణగూడల జిరాక్సు షాపు మీద రెండో అంతస్తు.
పది రోజుల ట్రైనింగు.
చెప్పులు బయట విడువుండ్రి,
సిగ్గు గూడ అక్కడ్నే విడువుండ్రి అన్నది విక్టోరియా మేడం,
ముప్పై ఏండ్లు నర్సు చేసి రిటైరైన మనిషి.
చెప్పులైతే విడిచినం.

బోర్డు మీద ఒక మనిషి బొమ్మ గీసి
పేర్లు రాయుండ్రి అన్నది.
ముక్కు, మోకాలు, మెడ
ఉరికి ఉరికి రాసినం.
నడుము కాడ చాక్‌పీసు ఆగింది.
మాకు ఎరుకైనయి రెండే తీర్ల మాటలు:
కొట్లాటల నోట్లకెల్లి ఊడిపడేటివి,
"ఇంట్ల చదువుకోండ్రి" అని సారు తిప్పేసిన పేజీలయి.
తిట్టుకూ సంస్కృతానికీ నడుమ
నా ఒంటికి పేరు లేదు.

తలాబ్‌కట్ట ఫర్హీన్ లేచి
"మా ఉర్దూల గూడ గంతే అన్నా" అన్నది.
ఎవరు ముందుగాల నవ్విన్రో యాదికి లేదు.

నాలుగో రోజు చెక్కబొమ్మ, చిన్న పొట్లం.
గొంతు మీద కత్తి ఆనిచ్చి గీసేటప్పుడు వణకని నా చెయ్యి
ఆ పొట్లం చింపుతుంటె వణికింది.
పండ్లతోని చింపకు, కొసకు గాలి ఉంచకు,
నిమ్మళంగ, తొందరపడితె పలుగుతది
అని చెప్పుకుంట పక్కన నిలబడ్డది మేడం,
కొత్తగ కత్తెర పట్టిన పోరనికి
నేను చెప్పే తీరుగనే.

అంబర్‌పేట ఆరో నంబరుల మా మేనమామ రాజలింగం షాపు.
మూడు కుర్చీలు, ఒక్క కూలరు.
బ్లేళ్ళ సొరుగుల పొట్లాలు పెట్టిన్నాడు
గిరాకి పారిపోతదిరా అని
మామ నాతోని రెండు రోజులు మాట్లాడలే.

పారిపోలే.
కానీ మొఖం మొఖం చూసి ఎవరూ అడుగరు.
మెడ చుట్టు తెల్లగుడ్డ కట్టినంక,
తల వంచి ఎత్తినంక,
అద్దంల ఉన్న నన్ను అడుగుతరు.
అదీ వాళ్ళ కోసం కాదు,
అందరికీ ఒక దోస్తు ఉంటడు.
పెండ్లి ఎనిమిది రోజులుందని భయపడేది ఆ దోస్తే,
మూత్రం మంట ఆ దోస్తుకే,
పోరి వద్దన్నంక గూడ ఫోన్ మీద ఫోన్ చేసేది ఆ దోస్తే.
ఒక్కసారన్న ఆ మనిషిని చూడాలని ఉన్నది.
హైదరాబాదుల సగం రోగాలు, సగం తప్పులు
వాడొక్కడే మోస్తున్నడు పాపం.

పెయింటు పని చేసే మల్లయ్య దోస్తుకు పుండ్లు.
దవఖానకు పొమ్మన్న,
ఒక్కనివే పోకు, ఇంటామెను గూడ తోల్కపో అన్న.
నాకెందుకు చెప్తవ్, దోస్తుకు చెప్త అన్నడు.
గడ్డం సగంల లేచి పోయిండు.
ఆ రోజు రాత్రి నిద్ర పట్టలే,
ఒక మాట ఎక్కువ అన్ననా,
లేక మేడం చెప్పిన మాటనే తప్పు గొంతుతోని అన్ననా.
నెల దాటినంక వచ్చిండు.
బయట సిమెంటు గద్దె మీద ఒకామె,
చేతిల ఉస్మానియా చీటి నాలుగు మడతలు పెట్టి.
"గడ్డం గీయి, సగమే అయింది గద" అన్నడు.
అంతే. పైసలు తీసుకోలే నేను.

నిన్న రాత్రి శెట్టరు సగం దించినంక
మామ వచ్చి నడిమి కుర్చీల కూసున్నడు.
తెల్లగుడ్డ తనే కట్టుకున్నడు.
కటింగు పది రోజుల కిందనే చేసిన.
అద్దంల నన్ను చూసి
"నా దోస్తు ఒకడున్నడురా" అన్నడు.

నేను దువ్వెన కడుగుకుంట నిలబడ్డ.
మామ మాట కోసం దేవులాడిండు,
తిట్టు కాడికి పోయి మలిగిండు,
డాక్టరు మాట నోరు తిరుగలే,
ఆఖరికి
మా అమ్మమ్మ అన్న మాట అన్నడు,
ఆయనకు, ఇరవై ఏండ్ల తర్వాత నాకు,
అదే రాయి మీద కూసుండవెట్టి నీళ్ళు పోసుకుంట
అన్ని చోట్లా కడుక్కోరా అని
చెయ్యి, కాలు, చెవి అన్నట్టే
ఏ సిగ్గూ లేకుంట అన్న మాట.

బోర్డు మీద మేం రాయని మాట.

నల్ల బంద్ చేసి
"ఎన్ని రోజులసంది, మామా?" అన్న.