ఆరున్నొక్కటి

సూట్‌కేసులోంచి రబ్బరు బొమ్మని తీసి
చాప మీద పడుకోబెట్టింది మారెట్.
చలికాలం సముద్రం గడ్డకట్టే దేశమట వాళ్లది,
అంబులెన్సు నడిపేదట.
అమలాపురం శిశుగృహలో, తిరగని ఫ్యాను కింద,
ముక్కు మీది చెమట బొమ్మ మీద రాలుతుంటే
"దీనికి ఊపిరాడటం లేదు, ఏం చేస్తారు?" అంది.

ఇంగ్లీషులో అంది. తెలుగు చేసింది నేను.
కువైట్‌లో తొమ్మిదేళ్లు ఒకరి పిల్లల్ని ఎత్తుకుని
పోగేసుకున్న భాష నాది.
తిను, పడుకో, మేడమ్ వస్తోంది.
ఊపిరికీ గుండెకీ మాటలు
అక్కడ అవసరం పడలేదు.

"మేం చేసేది మేం చేత్తాం" అంది కాసులమ్మ.
"కాళ్లు పట్టుకుని తలకిందులు చేత్తాం,
మాడు మీద ఊదుతాం,
గొంతులో వేలెట్టి కెలుకుతాం."
నేను ఇంగ్లీషు వెతుక్కునేలోపే, ఆమె వేలు చూసి,
అంత తెల్లటి మొహమూ ఇంకా తెల్లబోయింది.

ముంజేతి మీద బోర్లా. తల కిందికి.
దవడ మన వేళ్ల మధ్య.
రెక్కల నడుమ అరిచేతి మడమతో
(చేతికి మడమేంటే, అని నాగరత్నం ఒకటే నవ్వు)
ఐదు దెబ్బలు.
తిప్పి, రొమ్ము మధ్య రెండు వేళ్లతో
ఐదు నొక్కులు.
కంటికి కనపడని దాని కోసం వేలు పెట్టొద్దు.
లెక్క పైకి చెప్పాలి.

"లాభం" అంది కాసులమ్మ, మొదటి దెబ్బకి.
మారెట్ ఆగింది. వన్ కదా?
కళ్లంలో ధాన్యం కొలిచిన చేయి అది,
మొదటి కుంచాన్ని ఒకటి అనమంటే అనదు.
ప్రాఫిట్, అన్నాను.
ఆమె పుస్తకంలో రాసుకుంది.
సాయంత్రానికి తనే
లాబమ్, రెన్డు, మూడూ...

ఏడుని మాత్రం రానివ్వదు కాసులమ్మ.
ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది.
ముప్ఫై నొక్కుల లెక్కలో సరిగ్గా అక్కడే
చేయి తడబడుతోంది.
అంకె పేరూ, ఏడవమనే మాటా
మాకు ఒకటేనని చెప్పాను,
రాశి ముందు ఎవరూ అనరని.
మారెట్ చాలాసేపు బొమ్మనే చూసింది.
"మేం సైరన్ వేసుకుని వెళ్లేది
ఆ ఒక్క శబ్దం కోసమే" అంది.
అది నేను తెలుగు చెయ్యలేదు.
పాలు కలిపే వేళయింది.

బొమ్మని మాకే వదిలి వెళ్లింది.
పెద్ద పిల్లలు దానికి కాటుక పెట్టారు.

రిజిస్టరులో రేవతి. మాకు రేవు పిల్ల.
సఖినేటిపల్లి పంటు మీద
కొబ్బరి బస్తాల మధ్య తువ్వాల్లో దొరికింది.
తొమ్మిదో నెల.
ఎండాకాలం, వంటావిడ కూతురు ప్రేమకొద్దీ
ముంజె ముక్క పెట్టింది దాని నోట్లో.
దగ్గు లేదు. కేక లేదు.
పోటుకీ పాటుకీ మధ్య గోదారి
ఎటూ కదలకుండా నిలబడుతుంది చూడండి,
అట్లా నిలబడింది దాని మొహం.
తర్వాత నేరేడు పండు రంగు.

వన్ టూ అన్నీ వచ్చిన దాన్ని, నేను బిగుసుకుపోయాను.
కాసులమ్మ లాక్కుంది నా చేతుల్లోంచి.
లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు.
ఏమీ లేదు.
తిప్పింది. రెండు వేళ్లు.
ఆరు.
పెదాలు ఆగాయి. ఆ ఆగడం నేను విన్నాను.
"ఏడు!" అంది.
ఇంకా నొక్కుతూ, తిడుతున్నట్టు,
"ఏడవ్వే, నీయమ్మ కడుపు చల్లగుండ, ఏడు!"

ముంజె ముక్క జారి ఆమె కుచ్చిళ్ల మీద పడింది.
ఆ వెనక
వీధిలో ఆటోవాళ్లు కూడా తిరిగి చూసే ఏడుపు.

నీయమ్మ, అంది కదా.
ఆసుపత్రికి పోతూ అదే తిరిగింది నా బుర్రలో:
పంటు కదిలినప్పుడు ఒడ్డునున్న ఆ పిల్ల తల్లి
ఎంతవరకు లెక్కపెట్టుకుందో.

రాత్రి మారెట్‌కి వాయిస్ మెసేజ్ పెట్టాను.
మాట్లాడలేదు.
రేవు పిల్ల ఆకలేసి లేచినప్పుడు
ఫోను దాని నోటి దగ్గర పట్టుకున్నానంతే.

తెల్లారి కాసులమ్మ బియ్యం కొలిచింది.
లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు,
ఆరు,
ఆరున్నొక్కటి.